ఫోన్‌లో పెద్ద ఫైళ్లు సగంలో ఆగిపోతున్నాయా? టెర్మక్స్‌లో డబ్ల్యూగెట్ వాడి చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో కంప్యూటర్ లేకుండా, మన ఫోన్‌లోనే కమాండ్ టైప్ చేసి ఫైల్ డౌన్‌లోడ్ చేయడం చూద్దాం. బ్రౌజర్‌లో బటన్ నొక్కితే అయిపోయే పనికి ఇదంతా ఎందుకన్నా అంటారేమో, దానికి ముందే జవాబు చెప్పేస్తాను. ఇది అందరికీ అవసరం లేదు.

మీ ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉందా? అయితే మీరు ఈ వీడియో వదిలేసినా నష్టం లేదు. ఇది రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికేవాళ్ల కోసం. మేడ మీదకెక్కితే రెండు గీతలు, కిందికి దిగితే సున్నా గీతలు వచ్చే ఇళ్లవాళ్ల కోసం. పాలిటెక్నిక్‌లోనో డిగ్రీలోనో ఉండి, పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుందామంటే ఉబుంటు ఫైలే ఐదారు జీబీ ఉంటుంది. అది 97 శాతం దాకా వచ్చి ‘ఫెయిల్డ్’ అని చూపిస్తే పోయింది మీ టైమ్ ఒక్కటే కాదు, నాలుగు రోజుల డేటా. బ్రౌజర్‌లో రెజ్యూమ్ లేదని అనను, ఉంది. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. పనిచేయనప్పుడు మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, ఎందుకలా అయ్యిందో మనకి సరిగా చెప్పదు. అక్కడే ఈ కమాండ్ పనికొస్తుంది.

కమాండ్ పేరు డబ్ల్యూగెట్. డబ్ల్యూ, జి, ఇ, టి, అంతే. వరల్డ్ వైడ్ వెబ్‌లోని డబ్ల్యూ, దాని పక్కన గెట్. క్రొయేషియాకి చెందిన హ్ర్వోయే నిక్షిచ్ అనే ప్రోగ్రామర్ రాశాడు, 1996లో ఈ పేరుతో బయటికొచ్చింది. అప్పట్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ లైను మీద గీ గీ మంటూ కనెక్ట్ అయ్యే మోడెమ్. మధ్యలో ఎవరైనా ఫోన్ ఎత్తితే లైన్ కట్. అందుకే లైన్ పోతుంది, మళ్లీ వస్తుంది, వచ్చాక ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాలి అనే లెక్కతోనే దీన్ని తయారు చేశారు. ముప్పై ఏళ్ల కిందటి ఆ లెక్క మన ఊళ్లలో సిగ్నల్‌కి ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది.

సరే, పనిలోకి దిగుదాం. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే యాప్ కావాలి. దీన్ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ, గిట్‌హబ్‌లో టెర్మక్స్ వాళ్ల సొంత పేజీ నుంచి గానీ తీసుకోండి. గూగుల్‌లో వెతికితే ముందొచ్చే ఏదో ఒక ఏపీకే సైట్ నుంచి మాత్రం వద్దు. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

ఇంకో మాట. కమాండ్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో స్క్రీన్ మీద కనిపిస్తాయి. చదువుకునేవాళ్ల కోసం ఇక్కడ నేను పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు చిన్న అక్షరాలే వాడండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ప్రత్యేకంగా చెప్తాను.

(స్క్రీన్ మీద టెర్మక్స్ తెరుస్తూ)

ఇదిగో, నల్ల స్క్రీన్. సినిమాల్లో హ్యాకర్ దగ్గర ఉండేలాంటిదే, కంగారు పడకండి. మొదట ‘పీకేజీ అప్‌డేట్’, ఎంటర్. తర్వాత ‘పీకేజీ ఇన్‌స్టాల్ డబ్ల్యూగెట్’, ఎంటర్. మధ్యలో వై ఆర్ ఎన్ అని అడిగితే వై కొట్టండి. మూడోది, ‘టెర్మక్స్ హైఫన్ సెటప్ హైఫన్ స్టోరేజ్’. ఇది కొట్టగానే ఫోన్ పర్మిషన్ అడుగుతుంది. ఇస్తే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి టెర్మక్స్ నుంచి దారి తెరుచుకుంటుంది. ‘సీడీ స్టోరేజ్ స్లాష్ డౌన్‌లోడ్స్’ అని కొడితే మనం ఆ ఫోల్డర్‌లోకి వెళ్లినట్టు. ఇకపై దించే ఫైల్ అంతా అక్కడే పడుతుంది, మామూలుగా ఫైల్ మేనేజర్‌లో కనిపిస్తుంది. ఈ పర్మిషన్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

ఇప్పుడు అసలు కమాండ్. డబ్ల్యూగెట్, స్పేస్, హైఫన్ సి, స్పేస్, లింక్. అయిపోయింది. లింక్‌ని బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ బటన్ మీద వేలు నొక్కి పట్టుకుని కాపీ చేసుకోండి, ఇక్కడ స్క్రీన్ మీద నొక్కి పట్టుకుని పేస్ట్ చేయండి. లింక్‌కి ముందొకటి, వెనకొకటి సింగిల్ కోట్ పెట్టండి. ఇది అలంకారం కోసం కాదు. చాలా లింకుల మధ్యలో ‘అండ్’ గుర్తు ఉంటుంది. ఈ నల్ల స్క్రీన్ భాషలో ఆ గుర్తుకి ‘ఇక్కడిదాకా ఉన్నది వెనకాల నడిపించు’ అని అర్థం. కోట్స్ లేకపోతే మీ లింక్ అక్కడికి తెగిపోతుంది, మిగతా ముక్క గాల్లో కలుస్తుంది. ‘అన్నా, నువ్వు చెప్పినట్టే కొట్టాను, రావట్లేదు’ అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది కోట్స్ పెట్టావా తమ్ముడూ అనే.

హైఫన్ సి అంటే కంటిన్యూ. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు పనిచేయదో కూడా మీకే తెలిసిపోతుంది. మీ దగ్గర ఆ పేరుతో సగం ఫైల్ ఉందనుకోండి. డబ్ల్యూగెట్ దాని సైజు చూసి సర్వర్‌ని, ‘నా దగ్గర ఇన్ని బైట్లు ఉన్నాయి, ఆ తర్వాతవి మాత్రమే ఇవ్వు’ అని అడుగుతుంది. సర్వర్‌కి ఆ పద్ధతి తెలిస్తే 206 అనే నంబర్‌తో జవాబిస్తుంది, అంటే మిగతా ముక్క ఇస్తున్నా అని. తెలియని సర్వర్ అయితే 200 అని చెప్పి ఫైల్ మొత్తం మొదటి నుంచి పంపడం మొదలుపెడుతుంది. అప్పుడు డబ్ల్యూగెట్ మీ పాత సగాన్ని చెరిపేసి కొత్తగా రాస్తుంది. కాబట్టి పెద్ద ఫైల్ అయితే ముందు ఒక పది ఎంబీ రానిచ్చి, ఆపి, మళ్లీ నడిపించి చూడండి. 206 కనిపిస్తే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. 200 కనిపిస్తే ఆ సైట్ వదిలేసి అదే ఫైల్ ఇచ్చే ఇంకో మిర్రర్ వెతుక్కోండి. పది ఎంబీతో తేలిపోయే విషయాన్ని ఐదు జీబీ పోయాక తెలుసుకోవడం ఎందుకు?

ఆపడం ఎలా అంటే కంట్రోల్ సి. టెర్మక్స్‌లో కీబోర్డ్ పైన ఒక వరుసలో కంట్రోల్ బటన్ ఉంటుంది, లేదా వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకుని సి కొట్టండి. మళ్లీ నడపాలంటే అదే వరుసలో పైకి చూపించే బాణం నొక్కితే పాత కమాండ్ వచ్చేస్తుంది, ఎంటర్ కొట్టడమే. హైఫన్ సి మర్చిపోయి రెండోసారి నడిపితే మాత్రం అది పాత ఫైల్ జోలికి వెళ్లదు. అదే పేరు చివర చుక్క ఒకటి అని పెట్టి కొత్త ఫైల్ మొదలుపెడుతుంది. మీ ఫోల్డర్‌లో చుక్క ఒకటి, చుక్క రెండు అని ఫైళ్లు పేరుకుపోయి ఉంటే కారణం అదే.

సిగ్నల్ మధ్యలో తడబడితే డబ్ల్యూగెట్ తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది, మామూలుగా ఇరవై సార్లు. హైఫన్ టి సున్నా అని పెడితే లెక్క లేకుండా ప్రయత్నిస్తుంది. కానీ సిగ్నల్ పూర్తిగా పోయి నెట్‌వర్కే లేకపోతే మాత్రం ఇది నా వల్ల కాదని ఆగిపోవచ్చు. అప్పుడు కూడా పై బాణం, ఎంటర్. ఇంకొకటి, కొన్ని ఫోన్లు స్క్రీన్ ఆఫ్ అవగానే బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని చంపేస్తాయి. మొదలుపెట్టే ముందు ‘టెర్మక్స్ హైఫన్ వేక్ హైఫన్ లాక్’ కొట్టండి, సెట్టింగ్స్‌లో టెర్మక్స్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి.

ఇప్పుడు మన అసలు సమస్య, డేటా ప్యాక్. ఐదారు జీబీ ఫైల్‌ని ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో దించాలి. అదీ ఇంట్లో వాళ్లకి హాట్‌స్పాట్ ఇస్తూ, మన వాట్సాప్ ఆగకుండా. ప్యాక్ అయిపోతే చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి ఎనిమిది కిలోబైట్లు. ఆ స్పీడ్‌తో ఒక జీబీ రావాలంటే 36 గంటలు పైనే పడుతుంది. కాబట్టి ప్యాక్ అయిపోకముందే మనమే ఆపాలి.

చిన్న లెక్క వేద్దాం. డబ్ల్యూగెట్‌లో వేగానికి కళ్లెం వేయొచ్చు. రెండు హైఫన్లు, లిమిట్, హైఫన్, రేట్, ఈక్వల్ టు, 300కె. అంటే సెకనుకి 300 కిలోబైట్లకి మించి లాగదు. గంటకి 3600 సెకన్లు. గుణిస్తే గంటకి ఒక జీబీ, ఆ పైన కొంచెం. ఇప్పుడు కమాండ్ మొత్తానికి ముందు ఇంకో చిన్న ముక్క చేర్చండి: ‘టైమౌట్ 1హెచ్’. ఒక గంట అవగానే పని ఆపేయమని దాని అర్థం. రెండూ కలిపితే ఇలా ఉంటుంది, స్క్రీన్ మీద చూడండి: టైమౌట్ 1హెచ్, డబ్ల్యూగెట్, హైఫన్ సి, లిమిట్ రేట్ ముక్క, కోట్స్‌లో లింక్. పొద్దున్నే ఇది నడిపించి ఫోన్ పక్కన పెట్టేయండి. సిగ్నల్ ఎంత బాగున్నా ఒక జీబీ దగ్గరే ఆగిపోతుంది, మిగతా అర జీబీ మీ వాడకానికి ఉంటుంది. రేపు పొద్దున పై బాణం, ఎంటర్, ఆగిన చోటి నుంచి ఇంకో జీబీ. ఆరు రోజుల్లో ఉబుంటు మీ ఫోన్‌లో ఉంటుంది. నన్నడిగితే ఈ ఎపిసోడ్ మొత్తంలో పనికొచ్చే ముక్క ఇదే.

హైఫన్ హైఫన్ కోటా అని ఒకటి ఉంది కదా, 500ఎం అని పెడితే 500 ఎంబీకి ఆగిపోతుంది కదా అని మీలో కొందరికి వచ్చే ఉంటుంది. ఉంది, కానీ అది ఒక్క ఫైల్ మీద పనిచేయదు. చాలా ఫైళ్ల లిస్ట్ ఇచ్చినప్పుడు, లిమిట్ దాటాక కొత్త ఫైల్ మొదలుపెట్టకుండా ఆపుతుంది, అంతే. అందుకే మనం టైమౌట్ దారి పట్టాం.

ఇన్ని రోజులు దించేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. మూడో రోజున సైట్ వాళ్లు అదే పేరుతో కొత్త వెర్షన్ పెట్టారనుకోండి. పాత ఫైల్ మొదటి సగం, కొత్త ఫైల్ రెండో సగం అతుక్కుని కూర్చుంటాయి. సైజు బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం చెత్త. దీన్ని పట్టుకునే మార్గం చెక్‌సమ్. ఉబుంటు లాంటి వాళ్లు ఫైల్ పక్కనే ఎస్‌హెచ్‌ఏ256 అని 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. మీరు ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’, స్పేస్, ఫైల్ పేరు కొట్టండి. పెద్ద ఫైల్ అయితే కొంచెం సేపు పడుతుంది. వచ్చిన వరుస వాళ్లిచ్చిన దానితో అక్షరం అక్షరం కలవాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరే అనుకోకండి, మొత్తం చూడండి. కలిస్తే ఫైల్ పక్కా. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టొద్దు.

అన్నట్టు, ఈ ఫైల్‌ని ఓటీజీ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి వేస్తారు కదా, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ కంటే పెద్ద ఫైల్ తీసుకోదు. 32 జీబీ ఖాళీగా ఉన్నా తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. అది డబ్ల్యూగెట్ తప్పు కాదు, మళ్లీ నన్ను తిట్టకండి.

ఇంకో రకం ఇబ్బంది చూద్దాం. పీడీఎఫ్ లింక్ ఇచ్చారు, సెకనులో అయిపోయింది, సైజు చూస్తే పన్నెండు కేబీ. తెరిస్తే తెరుచుకోదు. అది పీడీఎఫ్ కాదు ఫ్రెండ్స్, వెబ్ పేజీ. లాగిన్ అడిగే పేజీనో, ‘ఇక్కడ నొక్కండి’ అనే పేజీనో మీ చేతికొచ్చింది. తేల్చుకోవాలంటే ‘హెడ్ హైఫన్ సి 4’ అని ఫైల్ పేరు ఇవ్వండి, ఫైల్‌లో మొదటి నాలుగు అక్షరాలు చూపిస్తుంది. నిజమైన పీడీఎఫ్ మామూలుగా పర్సెంట్ గుర్తు, ఆ వెంటనే పీడీఎఫ్ అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. కోణం బ్రాకెట్‌తో మొదలైతే అది వెబ్ పేజీ. లాగిన్ అవసరమైన ఫైళ్లకి ఇంత కష్టం పడొద్దు, బ్రౌజర్‌లోనే దించుకోండి.

ఒకేసారి చాలా ఫైళ్లు కావాలంటే? పాత తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి. గురజాడ 1915లో చనిపోయారు, ఆయన రచనల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది, దించే ముందు ఆ లెక్క చూసుకోండి. స్కాన్ చేసి పెట్టారు కాబట్టి అన్నీ ఫ్రీ అని కాదు. ఇక పద్ధతి: మీకు కావాల్సిన లింకులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో, లైనుకి ఒకటి చొప్పున రాసుకోండి. తర్వాత డబ్ల్యూగెట్, హైఫన్ సి, హైఫన్ ఐ, ఆ ఫైల్ పేరు. ఒకదాని తర్వాత ఒకటి అదే దించుకుంటూ పోతుంది. ఇక్కడ కోటా కూడా పనిచేస్తుంది.

హైఫన్ ఆర్ అని ఇంకొకటి ఉంది. పేజీలో ఉన్న లింకులు పట్టుకుని, ఆ లింకుల్లోని లింకులు పట్టుకుని, ఐదు మెట్ల లోతు వరకు వెళ్తుంది. ఈ రెండక్షరాలు చూసి చాలామందికి ఉత్సాహం ఎక్కువవుతుంది. ‘ద సోషల్ నెట్‌వర్క్’ సినిమా చూశారా? 2010లో వచ్చింది. అందులో జుకర్‌బర్గ్ హాస్టల్ సైట్ల నుంచి అమ్మాయిల ఫొటోలు లాగేటప్పుడు ఈ డబ్ల్యూగెట్ పేరే చెప్తాడు. అది కట్టుకథ కాదు, 2003లో హార్వర్డ్‌లో ఫేస్‌మ్యాష్ అని నిజంగా చేశాడు, కాలేజీ వాళ్లు విచారణకి పిలిచారు కూడా. సినిమాలో ఆ సీన్ హీరోయిజంలా ఉంటుంది. అడక్కుండా ఫొటోలు తీసేసుకున్న పిల్లల వైపు నుంచి చూడండి, అలా ఉండదు.

దాని సంగతి పక్కన పెట్టినా, మీ కాలేజీ సైటో, ఎవరో మాస్టారు సొంత డబ్బుతో నడిపే నోట్స్ సైటో చిన్న సర్వర్ మీద ఉంటుంది. దాని మీద హైఫన్ ఆర్ వదిలితే సెకనుకి ఎన్నో రిక్వెస్టులు వెళ్తాయి, రేపు పరీక్ష ఉన్న ఇంకో పిల్లాడికి ఆ సైట్ తెరుచుకోదు. కాబట్టి నిజంగా అవసరమైతే ఇలా వాడండి: హైఫన్ ఆర్, హైఫన్ ఎల్ ఒకటి, అంటే ఒక్క మెట్టు లోతే. హైఫన్ ఎన్‌పీ, అంటే పై ఫోల్డర్లలోకి ఎక్కొద్దు. హైఫన్ పెద్ద ఎ, పీడీఎఫ్, అంటే పీడీఎఫ్‌లు మాత్రమే ఉంచు. హైఫన్ డబ్ల్యూ ఐదు, అంటే ఒక్కో ఫైల్ మధ్య ఐదు సెకన్లు ఆగు. ఈ చివరిది మర్చిపోవద్దు. మీకు ఐదు సెకన్లు ఎక్కువ పడితే ఏం పోదు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన విషయం. స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చాం కదా. దాని అర్థం, ఇకపై టెర్మక్స్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా మీ ఫొటోలు, డౌన్‌లోడ్లు చదవగలదు, ఎవరికైనా పంపగలదు, చెరిపేయగలదు. మళ్లీ పర్మిషన్ అడగదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో, ‘ఫ్రీ డేటా ట్రిక్, ఈ లైన్ టెర్మక్స్‌లో పేస్ట్ చేయండి’ అని తిరుగుతుంటాయి చూడండి, అవి చాలావరకు ఒకే రూపంలో ఉంటాయి. మొదట కర్ల్, తర్వాత ఏదో లింక్, తర్వాత నిలువు గీత, చివర బాష్. కర్ల్ అనేది డబ్ల్యూగెట్‌కి అన్నదమ్ముడి లాంటి కమాండ్, టెర్మక్స్‌లో ముందే ఉంటుంది. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి ఆ పేరుతో నడిపిస్తున్నాడు, మంచి సాధనం. చిక్కంతా ఆ నిలువు గీత దగ్గరే. ‘ఆ లింక్‌లో ఏముందో నాకు చూపించొద్దు, తెచ్చి వెంటనే నడిపించెయ్’ అని దాని అర్థం. ఆ లింక్ వెనకాల ఇవాళ ఒకటి ఉంటుంది, రేపు ఇంకొకటి ఉంటుంది. అవతలి వాడి ఇష్టం.

మీకు అలాంటి లైన్ వస్తే నిలువు గీత నుంచి చివరి దాకా తీసేయండి. మిగిలిన లింక్‌ని డబ్ల్యూగెట్‌తో మామూలు ఫైల్‌లా దించండి. ‘లెస్’, స్పేస్, ఫైల్ పేరు కొట్టి చదవండి, బయటికి రావాలంటే క్యూ. చదివితే అర్థం కాలేదా, నడపకండి. అర్థం పర్థం లేని అక్షరాలు వంద లైన్లు కనిపిస్తే అసలే నడపకండి, దాచడానికి ఏమీ లేనివాడు అలా రాయడు.

సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే ‘నో చెక్ సర్టిఫికెట్’ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. అది పెడితే అవతల ఉన్నది నిజంగా ఆ సైటేనా అని చూడటం మానేస్తుంది. దాని బదులు ముందు ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో లేదో చూడండి. తేదీ తప్పుగా ఉన్నా ఇదే ఎర్రర్ వస్తుంది. తర్వాత ‘పీకేజీ అప్‌గ్రేడ్’ ఒకసారి కొట్టండి. అప్పటికీ పోకపోతే తేడా ఆ సైట్‌లోనే ఉండొచ్చు, వేరే చోట వెతుక్కోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే టెర్మక్స్ నుంచి ఫైళ్లని ఇంట్లో ల్యాప్‌టాప్‌కి వైఫై మీద, డేటా ఖర్చు కాకుండా పంపడం చూద్దాం. ఈలోగా మీరు చిన్న ఫైల్ ఒకటి తీసుకుని దించి, సగంలో కంట్రోల్ సి కొట్టి, మళ్లీ నడిపించి చూడండి. 206 వచ్చిందా, 200 వచ్చిందా నాకు చెప్పండి. ఉంటాను ఫ్రెండ్స్.